సమస్య: గొలుసు లేని బండి కొండ నెక్కె

నిర్వాహకుడు: పెదవాల్తేరులో మా బావగారి వరండాలో ఏళ్ల తరబడి పడి ఉన్న పందెపు సైకిలును నిన్న ఇంటికి తెచ్చుకున్నాను. పందేలకు కాదు, పొద్దున్నే విశాఖ బీచ్ రోడ్డు మీద, ప్రదర్శనకు నిలిపిన కురుసురా జలాంతర్గామి దాకా నెమ్మదిగా వెళ్లి రావడానికి. గొలుసు ఊడదీసి కిరసనాయిలులో వేస్తుంటే ఈ పాదం తట్టింది. ఇదే చివరి పాదంగా పద్యం పూరించండి, కానివ్వండి.

కంచరపాలెం:

ఉప్పుగాలి తగిలి యొడలెల్ల చెడినట్టి
పాత బండి తెచ్చి బాగు చేయ
తుప్పు పట్టి బిగిసి తునియంగ సిద్ధమౌ
గొలుసు లేని బండి కొండ నెక్కె

భీమిలి పంతులమ్మ: ఆహా! లేనిది గొలుసు కాదు, తుప్పు గొలుసు. అసంభవమంతా మూడో పాదంతో తీరిపోయింది. నాకు రెండు పాదాలే వచ్చాయి, మిగతావి రాత్రికి పెడతాను:

భుజముపైన మోయు బుద్ధిమంతుని తోడ
గొలుసు లేని బండి కొండ నెక్కె

మద్దిలపాలెం మాస్టారు: కంచరపాలెం వారి ఎత్తుగడ బాగుంది, కాదనను. కానీ ‘చేయ తుప్పు’ ఏమిటండీ? చేయన్ ద్రుతాంతం, అంటే చివర నకారం ఉన్న మాట; దాని వెంట వచ్చే ‘త’ ‘ద’ అవుతుంది. ‘చేయఁ దుప్పు’ అనాలి. పద్యం మొత్తం నున్నగా దొర్లుతూ వచ్చి అక్కడ రాయి తగిలినట్టయింది. నాది:

కడలి చెంత వెలుగు కైలాసగిరిఁ జేరఁ
దీగ పట్టి పైకి తేలిపోవు
నేల తాకకుండ నిలిచి యూగెడునట్టి
గొలుసు లేని బండి కొండ నెక్కె

కంచరపాలెం: దిద్దుకుంటాను మాస్టారూ, యతికి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో జోడీ అక్షరం కుదరడానికి) భంగం లేదు, ద–త చెల్లుతుంది. మీ కైలాసగిరి రోప్‌వే ఊహ నిజంగా మన ఊరి ఊహ. అయితే ‘జేరఁ దీగ’ అని అంత శ్రద్ధగా రాసినవారు అదే పాదంలో ‘పైకి తేలి’ ఎలా వదిలారు? పైకిన్ మాత్రం ద్రుతాంతం కాదా? కిందటి నెల ‘లంగరు’ సమస్యలో నా శ–స యతి చెల్లదన్నారు. చెల్లుతుందని నలుగురూ చెప్పాక మీ నుంచి ఒక్క మాట రాలేదు. అది నాకింకా గుర్తుంది.

మద్దిలపాలెం మాస్టారు: ‘పైకిఁ దేలి’. ఒప్పుకుంటున్నాను. ఆ శ–స యతి కూడా మీదే సరి, అప్పుడే చెప్పవలసింది. కానీ ‘లంగరు’లో మీ నాలుగో పాదం అన్వయం మాత్రం ఇప్పటికీ కుదరలేదు.

నిర్వాహకుడు: లంగరు సంగతి ఆ చర్చలోనే తేల్చుకోండి. కంచరపాలెం గారూ, ఇంతకీ నా గొలుసు పనికొస్తుందా? కడిగితే మెరుస్తోంది.

కంచరపాలెం: మెరుపు చూసి నమ్మకండి. గొలుసును బిగువుగా పట్టి స్కేలు పెట్టండి. ఒక పిన్ను నడిమిని సున్నా దగ్గర ఉంచితే, కొత్త గొలుసులో దాని తర్వాత 24వ పిన్ను సరిగ్గా 12 అంగుళాల గీత మీద ఉంటుంది. 1/8 అంగుళం దాటి ఉంటే గొలుసే కాదు, వెనక చక్రానికుండే ఫ్రీవీల్ (పళ్లచక్రాల) పళ్లూ అరిగిపోయి ఉంటాయి. అప్పుడు కొత్త గొలుసు ఒక్కటే వేస్తే ఎత్తు మీద తొక్కిన ప్రతిసారీ జారుతుంది. నా పద్యంలో బండి కొండెక్కిందంటే రెండూ మార్చానని అర్థం!

టైర్లు కొనేముందు పాతదాని అంచు మీద అంకె చూడండి. పాత పందెపు సైకిళ్లలో 27 అంగుళాలవి ఉంటాయి, వాటి రిమ్ము వ్యాసం టైరు కూర్చునే చోట 630 మి.మీ. ఇప్పుడు దొరికే ‘700సీ’ సైజుది 622. ఎనిమిది మిల్లీమీటర్లే తేడా, కానీ 700సీ టైరు ఆ రిమ్ము మీదికి ఎక్కదు. నేను ఒక సాయంత్రమంతా గోళ్లు విరిగేలా లాగాక తెలిసింది. సీటు గొట్టం కదలకపోతే సుత్తితో కొట్టకండి. సందులో నూనె వేసి రాత్రంతా వదిలేయండి.

భీమిలి పంతులమ్మ: బ్రేకు రబ్బర్లు కూడా మార్చండి తమ్ముడూ. గోరు గుచ్చితే దిగకపోతే అవి రాయి అయిపోయినట్టే.

నిర్వాహకుడు: స్కేలు పెట్టాను. 24వ పిన్ను గీత దాటి 1/8 పైనే ఉంది. గోరూ దిగలేదు. కంచరపాలెం గారూ, ‘చేయఁ దుప్పు’ అని దిద్ది మళ్లీ పెట్టండి, ఈ వారం పూరణ మీదే.