అప్‌డేట్: ఫోన్ ప్యాడ్ మీద ఛార్జ్ కాని నాన్న వాచీ

పోయిన నెల అడిగాను కదా, నాన్న స్మార్ట్‌వాచీని నా ఫోన్ వైర్‌లెస్ ప్యాడ్ మీద పెడితే ఛార్జింగ్ మొదలై వెంటనే ఆగిపోతోంది, బ్యాటరీ పోయిందా అని. బ్యాటరీ బాగానే ఉంది. "వాచీ మోడల్‌కు సరిపోయే డాక్ (వాచీని పెట్టి ఛార్జ్ చేసే చిన్న స్టాండ్) తీసుకోండి" అన్నవారి మాటే నిజమైంది. పాతది ఇల్లు మారినప్పుడు పోయింది, హన్మకొండ చౌరస్తాలో కొత్తది దొరికింది.

కారణం కూడా తెలుసుకున్నాను. ప్యాడ్‌లోని రాగితీగ చుట్ట చుట్టూ మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రం వాచీలోని చుట్టలో కరెంటు పుట్టిస్తుంది. శాస్త్రవేత్త ఫారడే 1831లో చూపించిన సూత్రమే. రెండు చుట్టలూ దగ్గరగా, ఎదురెదురుగా ఉండాలి. ఫోన్ ప్యాడ్ చుట్ట పెద్దది, వాచీది చిన్నది, పైగా వాచీ వెనక భాగం ఉబ్బుగా ఉంటుంది. డాక్‌లో మాగ్నెట్ పెట్టేది వాచీ సరిగ్గా కూర్చోవడానికే. చాలా వాచీలు ఫోన్లు వాడే క్యూఐ (Qi) అనే వైర్‌లెస్ ఛార్జింగ్ పద్ధతిలో ఉండవు కూడా.

కొత్త డాక్ మీద కూడా మధ్యాహ్నాలు ఛార్జింగ్ సగంలో ఆగింది. మళ్లీ టెన్షన్! అది ఎండ వల్ల. లిథియం బ్యాటరీలు మామూలుగా 45 డిగ్రీలు దాటితే ఛార్జ్ చేయకూడదు, అందుకే వాచీయే ఆపేస్తుంది. వరంగల్ మే నెలలో గది వేడికి ఛార్జింగ్ వేడి తోడైతే 45 దాటడం కష్టమేం కాదు. ఇప్పుడు పొద్దున్నే, నాన్న స్నానానికి వెళ్లినప్పుడు పెడుతున్నాం.

తమ డాక్‌లో పిన్నులున్నాయని రాసినవారికి: అవి వాచీకి తగిలి ఛార్జ్ చేస్తాయి, మీది వైర్‌లెస్ కాదు. ముందు ఆ పిన్నుల మీది చెమట మురికి పొడి బట్టతో తుడిచి చూడండి.