పెళ్లిరోజు కానుకగా పింగాణీ కప్పుల మీద రాత, బొమ్మలు: కడిగినా పోకూడదంటే ఏ రంగులు వాడాలి?

విశాఖ_ఒడ్డు:
అందరికీ నమస్కారం. పెళ్లిరోజుకి మావారికి చేత్తో రంగులేసిన కాఫీ కప్పుల జత ఇద్దామనుకుంటున్నాను. ఇంకా 12 రోజులుంది. రెండూ మెరుపున్న తెల్ల పింగాణీ కప్పులే. ఒకదాని మీద 'నువ్వు', రెండోదాని మీద 'నేను' అని తెలుగులో రాసి, చుట్టూ మల్లెపూలు వేయాలి. ఇంట్లో అక్రిలిక్ రంగులు, 18 లీటర్ల ఓటీజీ (చిన్న కరెంటు ఓవెన్) ఉన్నాయి. ఒక పాత కప్పు మీద అక్రిలిక్ వేసి, పైన వార్నిష్ కొట్టి చూస్తే ఆరాక బాగానే ఉంది గానీ, నీళ్లలో పెట్టగానే పొరలా ఊడొచ్చేసింది. అసలు ఏ రంగు కొనాలి? ఓటీజీలో ఎంత వేడి మీద ఎంతసేపు ఉంచాలి? ఆ కప్పుల్లో రోజూ కాఫీ తాగొచ్చా? షోకేసులో పెట్టుకోవడానికి కాదండీ, వాడుకోవడానికే.

పింగాణీపని:
ముందు అక్రిలిక్ ఎందుకు ఊడిందో చెప్తాను, మిగతాదంతా దానిమీదే ఆధారపడి ఉంది. కప్పు మీద కనిపించే మెరుపు నిజానికి గాజు పొర. గోడకో గుడ్డకో అయితే రంగు లోపలికి ఇంకుతుంది. గాజులోకి ఏదీ ఇంకదు, పైన కూర్చుంటుందంతే. అక్రిలిక్ ఆరితే ప్లాస్టిక్ పొర అవుతుంది. నీళ్లు అంచు కింద నుంచి దూరగానే ఆ పొర మొత్తం లేచిపోతుంది. పైన ఎన్ని పూతలు వార్నిష్ కొట్టినా అడుగున పట్టు లేదు కాబట్టి లాభం లేదు.

మీ ఓటీజీకి సరిపోయేది 150 డిగ్రీల దగ్గర గట్టిపడే పింగాణీ రంగు. పెబియో అనే రంగుల కంపెనీ వాళ్ల పోర్సిలేన్ 150 ఆ రకమే. నీటితో కడుక్కునే రంగు, 45 మి.లీ. సీసాల్లో వస్తుంది. ఒక కప్పుకి అన్ని రంగులూ కలిపి 5 మి.లీ. కూడా ఖర్చవదు కాబట్టి ముదురాకుపచ్చ, లేతాకుపచ్చ, ఒక ముదురు ఎరుపు ఉంటే చాలు. మామూలు పర్మనెంట్ మార్కర్‌తో రాసి ఓవెన్లో పెట్టే వీడియోలు చూసి మోసపోకండి. అది నాలుగు రోజులు నిలిచినట్టే ఉండి, గిన్నెల సబ్బుకి మెల్లగా వెలిసిపోతుంది.

రెండు కప్పులు కావాలంటే మూడు కొనండి. మూడోది పరీక్షకి. ఫొటోలు ముద్రించే దుకాణాల్లో దొరికే తెల్ల కప్పులు మాత్రం వద్దు. వాటి మీద ముద్రణ కోసం వేరే పూత ఉంటుంది. మీ రంగు గాజుకి కాక ఆ పూతకి అంటుకుంటుంది, అది ఎక్కడ లేస్తే రంగూ అక్కడ లేస్తుంది. ఉత్తరప్రదేశ్‌లోని ఖుర్జా నుంచి వచ్చే మామూలు పింగాణీ కప్పు చాలు.

కప్పుని సబ్బుతో కడిగి, ఆరాక దూదిని సర్జికల్ స్పిరిట్‌లో ముంచి బయటి వైపంతా తుడవండి. నెయిల్ పాలిష్ రిమూవర్ వద్దు, చాలావాటిలో నూనె కలిసి ఉంటుంది. శుభ్రపడిందో లేదో తెలుసుకోవడానికి కాసిని నీళ్లు పోసి చూడండి. పల్చటి తెరలా పరుచుకుంటే సరే. బొట్లు బొట్లుగా విడిపోతే ఇంకా జిడ్డుంది, మళ్లీ తుడవాలి. ఇక అక్కణ్ణుంచి కప్పుని పిడి పట్టుకునే తిప్పండి. వేలిముద్రల జిడ్డు వల్ల కూడా రంగు ఊడుతుంది.

పూత పల్చగా ఉండాలి. ఒక్కసారే దిట్టంగా వేస్తే పైన పొర కట్టి లోపల తడి ఉండిపోతుంది, ఓవెన్లో అది బుడగలై పొంగుతుంది. పల్చగా ఒక పూత, గంట ఆగి రెండోది. బ్రష్ గీతలు కనబడుతున్నాయని నీళ్లు కలపకండి, రంగు విరిగిపోతుంది. మెత్తటి సింథటిక్ బ్రష్ వాడితే చాలు.

పనయ్యాక 24 గంటలు ఆరాలి. మీది సముద్రం ఊరు, గాలిలో చెమ్మ ఎక్కువ కాబట్టి ఫ్యాను కింద 48 గంటలు ఉంచండి. తర్వాత చల్లగా ఉన్న ఓటీజీలోనే, కింది వరసలో, జాలీ మీద నిలబెట్టండి. రెండు కప్పులూ ఒకదానికొకటి తగలకూడదు. అప్పుడు ఆన్ చేసి, లోపల 150 డిగ్రీలకి చేరాక లెక్క మొదలుపెట్టి 35 నిమిషాలు. ఆపేశాక తలుపు తీయకండి. చెయ్యి పెట్టగలిగేంత చల్లారాకే తీయాలి, గంటన్నర పట్టొచ్చు. వేడి ఓవెన్లో చల్ల కప్పు పెట్టినా, వేడి కప్పు తీసి గ్రానైట్ గట్టు మీద పెట్టినా ఫట్‌మని పగులుతుంది.

కన్వెక్షన్ మోడ్ (ఓవెన్‌లా వేడిగాలితో కాల్చేది) ఉన్న మైక్రోవేవ్ అయినా పనికొస్తుంది, కన్వెక్షన్ మాత్రమే పెట్టాలి. కుక్కర్లో ఇసుక పోసి కేకు చేసినట్టు చేయొచ్చా అని అడుగుతుంటారు. వేడి ఎంతుందో తెలియదు, అడుగున ఒక రకం, పైన ఒక రకం ఉంటుంది. వద్దు.

కాఫీ తాగొచ్చా అంటే, తాగొచ్చు. లోపల రంగు వేయకూడదు, బయట పైఅంచు నుంచి 2 సెం.మీ. ఖాళీగా వదలాలి. పెదవి తగిలేది అక్కడే. సీసా మీద 'విషరహితం' అని ఉంటే దాని అర్థం వేసేవాళ్లకి హాని లేదని మాత్రమే. తిండికి తగలొచ్చని కాదు.

గుండ్రటి_అక్షరం:
రంగుల సంగతి పైన చెప్పేశారు, నేను రాత గురించి చెప్తాను. అందరూ పూల మీద రెండు గంటలు కూర్చుని, పేరు ఐదు నిమిషాల్లో కానిచ్చేస్తారు. చివరికి చూసేవాళ్ల కన్ను పడేది అక్షరం మీదే.

మీరు ఎంచుకున్న 'నువ్వు' చూడ్డానికి చిన్న మాట, కప్పు మీద మాత్రం కష్టమైన మాట. వకారం ఒత్తు కిందికి దిగుతుంది, కొమ్ము పక్కకి లేస్తుంది. 'నేను'లో ఏత్వం పైకి పోతుంది. అక్షరం ఒళ్లు 12 మి.మీ. పెట్టుకుంటే పైన 5, కింద ఒత్తుకి 8 మి.మీ. వదలాలి. మొత్తం 25 అయింది. మామూలు కాఫీ కప్పు 9.5 సెం.మీ. ఎత్తుంటుంది. అంచు 2 సెం.మీ., అడుగున 1 సెం.మీ. తీసేస్తే మీ చేతిలో ఉన్నది ఆరున్నర సెం.మీ. పట్టీ. అందులో అక్షరాలకి రెండున్నర పోతే పూలకి నాలుగు. ఇంతకన్నా చిన్నగా రాయకండి. అక్షరం గుండ్రాల్లో రంగు నిండిపోతుంది. 'ప' గొంతు పూడుకుపోతే 'వ' అవుతుంది, 'వు' కొమ్ము పొట్టిదైతే 'మ' అనిపిస్తుంది. 'నువ్వు'లో చివర ఉన్నది సరిగ్గా ఆ 'వు'నే, కాబట్టి కొమ్ముని పొడుగ్గా, విడిగా లాగండి.

బ్రష్‌తో రాయడం అలవాటు లేకపోతే అదే 150 డిగ్రీల రకంలో 0.7 మి.మీ. మొన మార్కర్ తీసుకోండి. గాజు మీద మొన జారుతుంది, కాగితం మీద ఉండే గరుకు ఉండదు. అందుకే కప్పుని నిలబెట్టి రాయకూడదు. తువ్వాలు చుట్టలా చుట్టి, దానిమీద కప్పుని పడుకోబెట్టి, చిటికెనవేలు కప్పుకి ఆనించి రాయాలి. వేలి కింద చిన్న టిష్యూ ముక్క ఉంచుకోండి.

అక్షరాల కింది గీత తిన్నగా రావాలంటే కప్పుకి రబ్బరు బ్యాండు వేయండి. స్కేలు వంపు మీద ఆగదు, బ్యాండు చుట్టూ ఒకే ఎత్తులో ఉంటుంది. దాని అంచే మీ గీత.

అక్షరాన్ని ముందు ట్రేసింగ్ కాగితం మీద రాసి, వెనకవైపు 6బి పెన్సిల్‌తో (మెత్తటి, ముదురు పెన్సిల్) నల్లగా రుద్ది, కప్పుకి టేపుతో అంటించి, బాల్ పెన్నుతో పైన గీయండి. సన్నటి బూడిద గీత పడుతుంది. దుకాణంలో దొరికే నల్ల కార్బన్ కాగితం వాడొద్దు, దాని మైనం అంటుకున్నచోట రంగు పట్టదు.

ఇంకొకటి. కుడిచేతివాటం వాళ్లు తాగేటప్పుడు, పిడి కుడివైపు ఉన్న ముఖం వాళ్లకే కనిపిస్తుంది, రెండో ముఖం ఎదుటివాళ్లకి. 'నువ్వు' ఎదుటి ముఖం మీద రాస్తే ఆయన తాగుతున్నప్పుడు మీకు కనబడుతుంది, మీ కప్పు మీది 'నేను' సంగతీ అలాగే. ఎవరు చదవాలనేది ముందే తేల్చుకోండి, పిడి ఎటుందో చూసుకునే కాగితం అంటించండి.

విశాఖ_ఒడ్డు:
ఇద్దరికీ చాలా చాలా థ్యాంక్స్ అండీ. పరీక్ష కప్పు అయింది. పరవాలేదు గానీ మూడు తేడాలొచ్చాయి. ఎరుపు కాస్త గోధుమరంగుకి తిరిగింది. ఆకుల మీద ఆవగింజంత బుడగలు. తెల్ల రంగుతో వేసిన మల్లెపూలు తెల్ల కప్పు మీద అసలు కనిపించడమే లేదు, పైగా కొంచెం పసుపెక్కాయి. ఇప్పుడు వాటిని చెరిపి మళ్లీ వేయొచ్చా?

పింగాణీపని:
ఎరుపు గోధుమరంగుకి తిరగడం, తెలుపు పసుపెక్కడం ఒక్క కారణానికే: వేడి ఎక్కువైంది. ఓటీజీ బొత్తాం 150 దగ్గరున్నా లోపల 170, 180 ఉండడం మామూలే. పై రాడ్ కప్పు నెత్తికి దగ్గరగా ఉంటే అక్కడ ఇంకా ఎక్కువ. లోపల నిలబెట్టే ఓవెన్ థర్మామీటరు ఒకటి కొనండి. కింది రాడ్ మాత్రమే పెట్టి, థర్మామీటరు ముల్లు 150 మీద నిలబడేలా బొత్తాన్ని ఎక్కడ తిప్పాలో ఖాళీ ఓవెన్‌తో ముందు చూసుకోండి. రంగు గట్టిపడాలని ఇంకో పావుగంట ఎక్కువ ఉంచడం పనికిరాదు. పట్టు పెరగదు, రంగు మాడుతుంది.

బుడగలు ఆకుల మీదే వచ్చాయంటే అక్కడే దిట్టంగా వేశారన్నమాట, లేదా ఆరకముందే పెట్టారు.

కాల్చకముందైతే తడిదూదితోనో, ఆరిపోతే స్పిరిట్‌తోనో పోతుంది. కాల్చాక కష్టం. బ్లేడుని పడుకోబెట్టి గీకితే కొంత వస్తుంది గానీ పక్క గీతలు పాడవుతాయి. అది పరీక్ష కప్పే కదా, వదిలేయండి. దాన్ని రాత్రంతా నీళ్లలో ఉంచి, పొద్దున గోరుతో గీకి చూడండి. రంగు నిలిస్తే మీ పద్ధతి సరిగ్గా ఉన్నట్టే.

మల్లెపూల సంగతి: తెలుపు మీద తెలుపు వేయకండి, తెలుపుని మిగల్చండి. ముదురాకుపచ్చతో అరచేతిలో సగమంత మచ్చ పల్చగా వేయండి. తాకితే అంటనంత వరకు, అరగంట ముప్పావుగంట ఆరనివ్వండి. అప్పుడు పళ్లపుల్లని చివర కాస్త పలకగా కోసి, రేకు ఆకారంలో రంగుని గీకి తీసేయండి. కింద కప్పు తెలుపు బయటపడుతుంది. అదే రేకు. మొగ్గకి ఒక్క గీకుడు, విచ్చిన పువ్వుకి ఏడెనిమిది, మధ్యలో చుక్కంత పచ్చ వదిలేయాలి. పుల్ల మొనకి అంటిన రంగుని ప్రతి గీకుడుకీ తుడవాలి, లేకపోతే రేకు అంచు చిరుగుతుంది. మరీ ఆరిపోయాక గీకితే రంగు పెచ్చులుగా లేస్తుంది, మరీ తడిగా ఉంటే మళ్లీ మూసుకుంటుంది. ఈ అరగంటని పట్టుకోవడమే ఇందులో పనితనం. పసుపెక్కే బాధ కూడా ఉండదు, అక్కడ రంగే లేదు కాబట్టి. రాలిన పొడిని ఊదకండి, నోటి తడి పడుతుంది. పొడి బ్రష్‌తో దులపండి.

బట్టీ_మంట:
ఆలస్యంగా చూశాను. 150 డిగ్రీల రంగు బాగుంటుంది, అయితే దాని హద్దు తెలిసి వాడాలి. అది గాజు పొరని గట్టిగా పట్టుకునే రంగేగానీ గాజులో కలిసిపోయే రంగు కాదు. పింగాణీ మీద నిజంగా శాశ్వతంగా నిలిచేది బట్టీలో కాల్చిందే. మెరుపు మీద వేసే ఎనామెల్ రంగుల్ని నూనెలో కలిపి వేసి, 750 నుంచి 820 డిగ్రీల మధ్య కాలుస్తారు. ఆ వేడికి గాజు పొర మెత్తబడి రంగుని తనలోకి తీసుకుంటుంది. రెండో దారి, మెరుపు వేయని కాల్చిన కప్పు మీద అండర్‌గ్లేజ్ రంగులతో (గాజు పొర కింద ఉండే రంగులు) బొమ్మ వేసి, పారదర్శకమైన గ్లేజ్‌లో (కాలిస్తే గాజు పొరయ్యే పూత) ముంచి మళ్లీ కాల్చడం. అప్పుడు బొమ్మ గాజు కిందికి వెళ్లిపోతుంది, పీచుతో తోమినా దానికి ఏమీ కాదు. కుండల స్టూడియోల్లో ఎక్కువగా చేయించేది ఈ రెండోదే. బట్టీ నిండేదాకా ఆగి కాలుస్తారు కాబట్టి రెండు మూడు వారాలు పడుతుంది, మీ 12 రోజుల్లో కుదరకపోవచ్చు. వచ్చే ఏడాదికి గుర్తుంచుకోండి. ఇంట్లో వాడిన పాత కప్పుని మాత్రం బట్టీకి ఇవ్వకండి. ఏళ్ల తరబడి పీల్చుకున్న చెమ్మ ఆ వేడికి ఆవిరై గ్లేజ్ మీద మచ్చలు, పొంగులు తెస్తుంది.

అంచు దగ్గర 2 సెం.మీ. అన్నారు కదా, అది ఊరికే చెప్పిన లెక్క కాదండీ. పింగాణీ పాత్రల్లోంచి సీసం, కాడ్మియం అనే విష లోహాలు దిగుతాయేమో పరీక్షించే ఐఎస్ఓ 6486 ప్రమాణంలో కూడా తాగే అంచు అంటే పైనుంచి 20 మి.మీ. మేరే. ఎరుపు, పసుపు, నారింజ రంగుల్లో కాడ్మియం ఉండే అవకాశం ఎక్కువ, వాటిని ఇంకా కిందికే ఉంచండి.

విశాఖ_ఒడ్డు:
థర్మామీటరు ఆర్డర్ పెట్టాను. ఆఖరి ప్రశ్న: ఇచ్చాక ఎలా కడగాలి? పిడికి బంగారు రంగు గీత వేస్తే మైక్రోవేవ్‌లో పెట్టొచ్చా?

పింగాణీపని:
బంగారు, వెండి రంగులుంటే మైక్రోవేవ్ వద్దు, లోహం ఉంటే నిప్పురవ్వలు వస్తాయి. గీత ఎర్రగానో పచ్చగానో వేసుకోండి. పిడి మీద చెయ్యి రోజూ రాసుకుంటుంది కాబట్టి అసలు వేయకపోవడమే నయం.

మెత్తటి స్పాంజి, గిన్నెల ద్రవం చుక్క, వెంటనే తుడిచేయడం. స్టీలు పీచు, పొడి సబ్బు తగలకూడదు. సింకులో రాత్రంతా నానబెట్టకూడదు. పనిమనిషి తోమే ఇల్లయితే ఈ జతని విడిగా పెట్టుకోండి. అడుగున, బల్లకి ఆనని లోపలి గుంటలో, అదే మార్కర్‌తో తేదీ రాయండి. కాల్చకముందే రాయడం మర్చిపోకండి.