పాత పికప్‌లో క్రాంక్‌షాఫ్ట్ వెనుక సీల్ లీకు: గేర్‌బాక్స్ దించే ముందు సలహా కావాలి

నా పాత డీజిల్ పికప్‌లో ఇంజిన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య ఉండే బెల్ హౌసింగ్ అడుగు నుంచి ఆయిల్ చుక్కలుగా కారుతోంది. గేర్ ఆయిల్‌కు ఉండే ఘాటైన గంధకపు వాసన లేదు కనుక ఇది ఇంజిన్ ఆయిలేనని భావిస్తున్నాను. వాల్వ్ కవర్ గాస్కెట్ నుంచి కారిన ఆయిల్ కూడా ఇంజిన్ వెనుక భాగం మీదుగా దిగి అదే చోటికి చేరగలదు కాబట్టి, పైభాగమంతా శుభ్రంగా తుడిచి, బండిని కొంత దూరం నడిపి చూశాను. అక్కడ పొడిగానే ఉంది. కాబట్టి అనుమానం క్రాంక్‌షాఫ్ట్ (ఇంజిన్‌లో తిరిగే ప్రధాన ఇరుసు) వెనుక చివర ఆయిల్ బయటికి రాకుండా ఆపే సీల్ మీదికే పోతోంది.

సీల్ చిన్న వస్తువే గాని, దాన్ని చేరుకోవాలంటే గేర్‌బాక్స్, క్లచ్, ఫ్లైవీల్ అన్నీ విప్పాలి. అంత పనికి దిగే ముందు అనుభవజ్ఞులను అడుగుతున్నాను. ఇంజిన్ లోపలి వాయువులను బయటికి వదిలే బ్రీదర్ గొట్టం మూసుకుపోతే క్రాంక్‌కేసులో (క్రాంక్‌షాఫ్ట్ ఉండే గదిలో) ఒత్తిడి పెరిగి, బాగున్న సీల్ నుంచి కూడా ఆయిల్ బయటికి రావచ్చు కదా, ఆ ఒత్తిడిని ప్రత్యేక పరికరాలు లేకుండా నమ్మకంగా పరీక్షించడం ఎలా? సీల్ అంచు ఒరుసుకున్న చోట షాఫ్ట్ మీద గాడి పడి ఉంటే పలుచని రిపేర్ స్లీవ్ (లోహపు తొడుగు) తొడగడం మేలా, లేక కొత్త సీల్‌ను కాస్త లోతు మార్చి కూర్చోబెడితే సరిపోతుందా? ఆయిల్‌లో కలిపే లీక్ నివారణ ద్రావకాలు రబ్బరును ఉబ్బించి కొన్నాళ్లు నెట్టుకొస్తాయేమో గాని, వాటి మీద నాకు నమ్మకం లేదు. క్లచ్ ప్లేటుకు ఆయిల్ అంటి ఉంటే శుభ్రం చేసి వాడవచ్చా, మార్చక తప్పదా అన్నది కూడా దయచేసి తెలుపగలరు.