నత్త కణాలు పురుగును 'మింగుతాయా', 'ముట్టడిస్తాయా'?

అడిగినవారు:
అందరికీ నమస్కారం. హైస్కూలు పిల్లల కోసం నత్తల మీద వ్యాసం రాస్తూ ఒక్క మాట దగ్గర రెండు రోజులుగా ఆగిపోయాను. బయోంఫలేరియా గ్లబ్రేటా అనే మంచినీటి నత్త ఒంట్లోకి షిస్టోసోమా మాన్సోనై అనే పరాన్నజీవి పురుగు పిల్ల దూరుతుంది. నత్తలోని హీమోసైట్లు, అంటే ఒంటి ద్రవంలో తిరిగే కణాలు, దాని చుట్టూ చేరి చంపేస్తాయి. దీన్ని ఎన్‌క్యాప్సులేషన్ అంటారు. 'గుళికీకరణ' అని రాసి చూశాను. చదివితే ఎవరో మందు గోళీలు చుడుతున్నట్టుంది. 'భక్షణ' అంటే సరిపోతుందా? హీమోసైట్‌ను మాత్రం 'రక్తకణం' అనేశాను, దానికి ఇబ్బంది ఉండదనుకుంటా.

మొదటి జవాబు:
భక్షణ వద్దమ్మా. అది ఫాగోసైటోసిస్‌కు, అంటే ఒక కణం దేన్నైనా లోపలికి మింగేయడానికి, స్థిరపడిపోయిన మాట. హీమోసైట్లు బాక్టీరియాను నిజంగానే మింగుతాయి, అక్కడ వాడుకోండి. ఇక్కడ కొలతలు చూడండి. నత్తలోకి దూరే పురుగు పిల్లను మిరాసీడియం అంటారు, దాని పొడవు సుమారు 0.15 మి.మీ. గుండ్రంగా ఉన్న హీమోసైట్ అందులో పదో వంతుకు మించదు. ఒక్క కణం దాన్ని ఎలా మింగుతుంది?

జరిగేది వేరు. లోపలికి వచ్చిన మిరాసీడియం, ఈదడానికి పనికొచ్చిన నూగు పలకలను విడిచేసి స్పోరోసిస్టు అనే తర్వాతి దశగా మారుతుంది. తట్టుకోగల రకం నత్తలో హీమోసైట్లు కొన్ని గంటల్లోనే దాన్ని చేరతాయి. ముందు అతుక్కుంటాయి, తర్వాత పలచగా పరుచుకుంటాయి, వాటి మీదికి మరికొన్ని ఎక్కి పొరలు పొరలుగా కమ్ముకుంటాయి. హైడ్రోజన్ పెరాక్సైడ్, నైట్రిక్ ఆక్సైడ్ లాంటివి వదులుతాయి. ఒకటి రెండు రోజుల్లో పురుగు చస్తుంది. లొంగిపోయే రకం నత్తలోనూ ఇవే కణాలున్నాయి, కానీ పురుగును పట్టవు. నాలుగైదు వారాలకు ఆ నత్తలోంచి సెర్కేరియాలనే తర్వాతి దశ పురుగు పిల్లలు వేలకు వేలు నీళ్లలోకి వస్తాయి, మనుషుల చర్మంలోకి దూరేవి అవే. నత్త గుడ్లు పెట్టడం కూడా పడిపోతుంది.

అందుకే నా ఓటు 'ముట్టడి'కి. అందులో 'ముట్టు' వినిపిస్తోంది చూడండి. తాకడం, చుట్టూ చేరడం, కదలనివ్వకపోవడం మూడూ ఆ మాటలో ఉన్నాయి.

రెండో జవాబు:
మాస్టారూ, మాట బాగుంది, కానీ దిక్కు తిరగబడింది. కోటను ముట్టడించేది బయటి నుంచి వచ్చిన శత్రువు. ఇక్కడ బయటివాడు పురుగు, చుట్టూ చేరింది ఇంటివాళ్లు. 'హీమోసైట్ల ముట్టడి' అని చదివిన పిల్లవాడు నత్త మీదికే కణాలు దండెత్తాయనుకుంటాడు. 'చుట్టుముట్టడం' అంటే ఆ చిక్కు లేదు. ఊరివాళ్లు దొంగను చుట్టుముట్టారంటాం, ఎవరు ఇంటివారో ఎవరు పరాయివారో ఇట్టే తెలుస్తుంది. నామవాచకం కావాలంటే 'పొరకట్టు' పెట్టండి. మీరు చెప్పిన పొరలు పొరలుగా కమ్మడం దాంట్లోకి వస్తుంది.

మూడో జవాబు:
నా అభ్యంతరం అసలు 'రక్తకణం' మీద. సంస్కృతంలో 'రక్త' అంటే ఎర్రనైనదని. రంగు అద్దడమనే 'రంజ్' ధాతువు నుంచి వచ్చింది. ఈ నత్త ఒంట్లో పారే ద్రవం ఎర్రగానే ఉంటుంది, కానీ ఆ ఎరుపు కణాలది కాదు. హీమోగ్లోబిన్ నేరుగా ద్రవంలోనే కరిగి ఉంటుంది, హీమోసైట్లకు రంగు లేదు. ఇక చాలా రకాల నత్తల్లో హీమోగ్లోబిన్‌కు బదులు రాగి ఉన్న హీమోసయానిన్ పనిచేస్తుంది, ఆక్సిజన్ తగిలితే ద్రవం లేత నీలంగా మారుతుంది. 'రక్తకణం' అంటే పిల్లలకు తోచేది ఆక్సిజన్ మోసే ఎర్రకణమే. ఈ కణాలు చేసేది కాపలా పని.

'నెత్తురు' మన మాట, కన్నడంలో నెత్తరు, పాత తమిళంలో నెయ్‌త్తోర్. కానీ మన చెవికి అదీ ఎర్రగానే వినిపిస్తుంది. 'రక్షకకణం' అందామంటే వృక్షశాస్త్రంలో పత్రరంధ్రాన్ని తెరిచి మూసే కణాలకు ఆ పేరు ఎప్పుడో ఇచ్చేశారు. నన్నడిగితే హీమోసైట్‌ను హీమోసైట్‌గానే ఉంచి, పక్కన ఒక వాక్యంలో పని చెప్పడం మేలు. వాక్యం చేయాల్సిన పనిని ఒక్క సమాసం మీద మోపితే అది కుంటుతుంది.

అడిగినవారు:
మీ ముగ్గురికీ ఎంతో రుణపడ్డాను. ఇంకొక్కటి. నత్త ద్రవంలో ఫ్రెప్ అనే ప్రోటీన్లు పురుగును గుర్తుపట్టి అంటుకుంటాయట. వాటిని 'ప్రతిరక్షకాలు' అనవచ్చా?

మొదటి జవాబు:
వద్దు. ప్రతిరక్షకం అంటే యాంటీబాడీ, అది నత్తలకు లేదు. ఫ్రెప్‌లు గుర్తుపడతాయి, పైగా ఒక్కో నత్తలో కాస్త కాస్త మారుతుంటాయి కూడా. అయినా అది వేరే వంశం. 'గుర్తుపట్టే ప్రోటీన్లు' అంటే చాలు. మరో సంగతి, రెండో సోదరుడి 'పొరకట్టు'ను నేనూ ఒప్పుకుంటున్నాను, కానీ దాన్ని నత్త రక్షణ మొత్తానికీ పేరుగా పెట్టకండి. ఒకసారి పురుగు సోకిన నత్త, అదే రకం పురుగు మళ్లీ వస్తే గట్టిగా తట్టుకుంటుంది. ఆ రెండోసారి భారం ప్రధానంగా ద్రవంలోని పదార్థాల మీద పడుతుంది, కణాల మీద కాదు.

అడిగినవారు:
మార్చి రాశాను, చూడండి: "హీమోసైట్లు నత్త ఒంట్లో తిరిగే కాపలా కణాలు. పురుగు పిల్ల వాటికన్నా చాలా పెద్దది, మింగడం కుదరదు. అందుకే అన్నీ కలిసి దాన్ని చుట్టుముట్టి, పొరలుగా కమ్ముకుని చంపుతాయి. దీన్ని పొరకట్టు అందాం."

రెండో జవాబు:
'అందాం' తీయకండి. కొత్త మాటను పిల్లల ముందు పెట్టేటప్పుడు అలా అడిగి పెట్టడమే మర్యాద.