వాల్తేరు జోకు ఉంచాలా, తీసేయాలా?

విజయనగరం మిమిక్రీ:
పండగలకి, పెళ్లిళ్లకి మిమిక్రీ చేస్తుంటాను. గ్యారంటీగా పేలే ఐటమ్ ఒకటుంది, వాల్తేరు బస్సెక్కిన పెళ్లికొడుకు అని. చినవాల్తేరులో ఉన్నది మానసిక ఆసుపత్రి అని మనవైపు వాళ్లకి చెప్పక్కర్లేదు కదా. ఈమధ్య మరియా బామ్‌ఫోర్డ్ అనే అమెరికన్ కమెడియన్ 2023లో రాసిన ఆత్మకథ చదివాను. ఆవిడకి బైపోలార్ టూ, అంటే మనసు కొన్నాళ్లు ఉరకలేస్తూ కొన్నాళ్లు దిగులులో కూరుకుపోయే జబ్బు. దాంతోపాటు ఓసీడీ, అంటే వద్దన్నా అవే ఆలోచనలు తిరిగి తిరిగి వచ్చే జబ్బు. ఇంట్లోవాళ్లని తనే ఏమైనా చేసేస్తానేమో అని చిన్నప్పుడే భయం పట్టుకుందట. ఆసుపత్రిలో చేరింది కూడా నవ్విస్తూనే రాసింది.

నాకు నవ్వు రాలేదు, ఎందుకంటే నాదీ అదే. అక్క కూతురికి ఎనిమిది నెలలు, దాన్నెత్తుకుని మేడెక్కితే పిట్టగోడ దగ్గర ఒక ఆలోచన వస్తుంది, ఇక్కడ టైపు చేయలేను. పోయిన నెల కత్తిపీట తీసి అటక మీద పెట్టేశాను. అమ్మ రెండ్రోజులు వెతికి పనమ్మాయిని అనుమానించింది, నేను నోరు మెదపలేదు. సిరిమాను పండక్కి ప్రోగ్రాం ఉంది. ఆ ఐటమ్ తీసేయనా, లేక ఆవిడలా నా సంగతే స్టేజీ మీద చెప్పేయనా?

నాగావళి గట్టు:
చెప్పకండి గురూ. మా బాబాయి మాత్రలు వేసుకుంటున్నాడని తెలిసి మా చెల్లి సంబంధమే వెనక్కిపోయింది. అక్కడ పుస్తకం రాస్తే కొంటారు, ఇక్కడ ఈవెంట్లు క్యాన్సిలవుతాయి.

బొబ్బిలి వీణ:
స్టేజీ సంగతి తర్వాత బాబూ. నాకు ఓసీడీ ఆరేళ్లుగా. ఆ ఆలోచన వచ్చినంత మాత్రాన మీరు చేసేస్తారని కాదు, ఆ జబ్బు తీరే అంత, మనకి ఏదంటే ప్రాణమో దాని మీదే పడుతుంది. కానీ దాచడం మొదలెడితే ఆగదు, నేను కత్తెరతో మొదలెట్టి చపాతీ కర్ర దాకా వెళ్లాను. మొదట చూపించుకున్న డాక్టరు గుడికి వెళ్లమన్నాడు. రెండో ఆవిడ మందు రాసి, పనిచేయడానికి వారాలు పడుతుంది మానేయొద్దని చెప్పి, ఈఆర్‌పీ చేయించారు. అంటే భయపడే వస్తువుని ఎదురుగా పెట్టుకుని, దాచకుండా, 'నేను మంచిదాన్నే కదా' అని ఇంట్లో ఎవరినీ అడక్కుండా కూర్చోవడం. మొదటిరోజు చెమటలు పట్టేశాయి. మీ అంతట మీరు మొదలెట్టకండి, సైకియాట్రిస్టుకి చూపించుకోండి. అందాకా 14416కి ఫోన్ చేయండి, టెలీ మానస్ అని మానసిక సమస్యలకి ప్రభుత్వ హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులేం కట్టక్కర్లేదు.

రాజాం కుర్రోడు:
మీ పెళ్లికొడుకుని మా ఊళ్లో చూశాను. మా అమ్మ వాల్తేరులో నలభై రోజులుండి వచ్చింది, నా పక్కనే కూర్చుంది. నాకు చెమటలు. తనేమో నవ్వింది. ఇంటికొచ్చాక మాత్రం, 'ఆ బాబు ఎప్పుడూ అక్కడికి వెళ్లనట్టుంది, బస్సు దిగాక ఏటవుతాదో చెప్పనేదు' అంది. నన్నడిగితే తీసేయక్కర్లేదు, బస్సు దిగాక కూడా చెప్పండి. అది చెప్పడానికి ముందు మీరు కోలుకోవాలనుకోండి.

విజయనగరం మిమిక్రీ:
నిన్న ఫోన్ చేశాను, శుక్రవారం డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను. ఐటమ్ ఈసారికి లేదు. అమ్మకి సగం చెప్పాను, కత్తిపీట దాకా. చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత, 'పాపం ఆ పిల్లని ఊరికే అనేశాన్రా' అంది.