వాడేసిన నూనెతో బయోడీజిల్: అరటి బూడిద పనికొస్తుందా?

అందరికీ నమస్కారం. మాది రావులపాలెం దగ్గర పల్లెటూరు, అరటి తోట ఉంది. బజ్జీల బండ్ల నుంచి, టిఫిన్ హోటళ్ల నుంచి వాడేసిన నూనె కొని, తోటలోని డీజిల్ ఇంజన్ కోసం బయోడీజిల్ చేస్తున్నాను. పదే పదే కాచడం వల్ల పుట్టే చెడు పదార్థాలు (పోలార్ కాంపౌండ్లు) 25 శాతం దాటిన నూనె వంటకు వాడకూడదని 2018 నుంచి రూలు ఉంది. అయినా ఆ నూనె తిరిగి జనం కడుపుల్లోకే పోతుంటే బాధేస్తోంది.

నూనె వడగట్టి, కాచి తడి పోగొట్టి, 60 డిగ్రీల దగ్గర మిథనాల్ (ఒక రకం ఆల్కహాల్), చర్య జరిపించే క్షారంగా కాస్టిక్ పొటాష్ కలుపుతున్నాను. కాస్త తేటగా ఉన్న నూనెతో, బయోడీజిల్‌తో పాటు వచ్చే గ్లిజరిన్ చక్కగా అడుక్కి దిగుతోంది. బాగా నల్లబడిన నూనె మాత్రం పెరుగులా గడ్డకడుతోంది. ఫ్రీ ఫ్యాటీ యాసిడ్లు (నూనె నుంచి విడిపోయిన కొవ్వు ఆమ్లాలు) ఎక్కువై సబ్బు అవుతోందని తెలుసు. అవి తగ్గడానికి ముందుగా సల్ఫ్యూరిక్ యాసిడ్‌తో ఒక దశ చేయాలంటున్నారు. చిన్న స్థాయిలో అది సురక్షితమేనా? లేక అలాంటి నూనె కొనకుండా వదిలేయడమే మేలా? కొనేచోటే తేల్చుకోవడానికి నూనెలో ఆమ్లం ఎంతుందో కొలిచే టైట్రేషన్ కిట్ ఏదైనా ఉందా?

ముఖ్యంగా అడగాలనుకున్నది ఇది. ఎండిన అరటి బోదెల బూడిదలో పొటాషియం కార్బొనేట్ బాగా ఉంటుంది కాబట్టి కాస్టిక్ బదులు వాడొచ్చని చదివాను. మా దగ్గర బోదెలకు కొదవ లేదు. ఎవరైనా నిజంగా వాడారా? బూడిదను మళ్లీ బట్టీలో కాల్చాలా? లీటరు నూనెకు ఎంత వేశారు?

తయారైన బయోడీజిల్‌ను కడిగిన నీళ్లలో మిథనాల్ ఉంటుంది, అది విషం. కాలవలో పోయడం నాకిష్టం లేదు. మీరేం చేస్తున్నారో చెప్పండి.