నాన్న పల్స్ 100 దాటుతోంది, ఎడమ కర్ణిక పెరిగింది. పల్స్ దించాలా?

మామిడితాండ్ర:
మా నాన్నకి 67. మూడేళ్లుగా ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (ఏఫిబ్), అంటే గుండె లయ తప్పి కొట్టుకోవడం. ఇక మామూలు లయకి రాదని పల్స్ తగ్గడానికి మెటోప్రొలాల్, రక్తం పలచబడడానికి ఒక మాత్ర ఇచ్చారు. కూర్చుని ఉన్నా పల్స్ 96 నుంచి 104 ఉంటుంది. మా డాక్టరు గారు 110 లోపు చాలంటారు. బంధువుల మాట మీద ఇంకో ఆయనకి చూపిస్తే 80కి దించాల్సిందే అన్నారు. ఈలోగా ఎకోలో (గుండె స్కానింగ్) ఎడమ కర్ణిక, అంటే గుండెలో ఎడమ పై గది, 43 మి.మీ. నుంచి 48కి వచ్చింది. పల్స్ దించకపోవడం వల్లేనా?

లెక్కలమాస్టారు:
కంగారు పడకండి. నెదర్లాండ్స్‌లో రేస్ 2 అని ఒక ట్రయల్ చేశారు, 2010లో ఫలితాలు వచ్చాయి. పర్మనెంట్ ఏఫిబ్ ఉన్న 614 మందిలో కొందరికి 110 లోపు చాలన్నారు, మిగతావాళ్లకి 80 లోపు పెట్టారు. మూడేళ్లలో గుండె జబ్బుతో మరణం, హార్ట్ ఫెయిల్యూర్‌తో ఆస్పత్రి పాలవడం, స్ట్రోక్ లాంటివన్నీ కలిపితే వదులుగా ఉంచినవాళ్లలో 12.9 శాతం, బిగించినవాళ్లలో 14.9. వాళ్ల ఎకోలు కూడా విడిగా పోల్చారు, వదులుగా ఉంచినందుకు గదులు ఎక్కువ పాడైనట్టు కనపడలేదు. 80 కోసం మాత్రలు పెంచుకుంటూ పోవద్దు. నిశ్చింతగా ఉండండి.

కృష్ణ_ఒడ్డు:
నిశ్చింతగా ఉండమనడం ఎంత తేలికో! మా అమ్మకీ 105, 108 ఉండేది, వెళ్లిన ప్రతిసారీ "110 లోపే కదమ్మా" అని పంపించేవాళ్లు. ఏడాదిన్నరకి రాత్రుళ్లు పడుకోలేక, దిండ్లు ఎత్తు పెట్టుకుని కూర్చునే నిద్రపోయేది. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని ఐసీయూలో పెట్టారు. మాస్టారు గారూ, ఆ పేపరు మొత్తం చదివారా? వదులు గుంపులో మాత్రలు సర్దాక సగటు పల్స్ 93. 110 అంచున వేలాడినవాళ్లు కాదు.

లెక్కలమాస్టారు:
93 అయితే ఏం, 80 కాదుగా.

కృష్ణ_ఒడ్డు:
108 కూడా కాదుగా.

లెక్కలమాస్టారు:
లక్ష్యం 110 లోపు అనే రాశారమ్మా, నేను కల్పించింది కాదు.

పెసరట్టు_ఉప్మా:
తెల్లమద్ది బెరడు కషాయం మా మామయ్యకి బాగా పనిచేసింది.

ఫార్మసీ_బాబాయ్:
రక్తం పలచబడే మాత్ర వేసుకునేవాళ్లు డాక్టరుకి చెప్పకుండా ఏ కషాయమూ తాగొద్దు. ఆ సంగతి అలా ఉంచితే, ఇక్కడ ఇద్దరూ పల్స్ అంకె మీదే కొట్టుకుంటున్నారు. ఆయన అడిగింది కర్ణిక గురించి. ఏఫిబ్‌లో కర్ణిక సరిగ్గా ముడుచుకోదు, నిమిషానికి 350కి పైగా అలా వణుకుతూనే ఉంటుంది. మెటోప్రొలాల్ ఆ వణుకుని ఆపదు, పై గదుల నుంచి కింది గదులకి కరెంటు దాటే ఏవీ నోడ్ దగ్గర గేటు వేసి కిందికి దిగే దెబ్బల్ని తగ్గిస్తుంది, అంతే. కాబట్టి పల్స్ 70 ఉన్నా కర్ణిక సాగుతూనే ఉండొచ్చు, గోడలో పీచు పెరగొచ్చు. 1995లో మేకల మీద చేసి చూశారు కూడా, ఏఫిబ్‌ని ఎంత ఎక్కువ కాలం నడిపిస్తే అది అంతగా పాతుకుపోయింది. వేగం దెబ్బ ముఖ్యంగా తగిలేది కింది గదికి, అంటే జఠరికకి. నెలల తరబడి పరిగెత్తితే అది నీరసిస్తుంది, అలా నీరసించింది వేగం దించితే చాలామందిలో తేరుకుంటుంది కూడా. ఈఎఫ్ (ఒక్కో దెబ్బకి జఠరిక బయటికి పంపే రక్తం శాతం) ఎంత? ఆయాసం ఉందా? పల్స్ దేనితో చూస్తున్నారు?

మామిడితాండ్ర:
ఈఎఫ్ 55. మైట్రల్ వాల్వు (ఎడమ పై గదికీ కింది గదికీ మధ్య కవాటం) లీకు కొద్దిగా ఉందని రాశారు. మెట్లెక్కితే ఆయాసం. పల్స్ బీపీ మిషన్‌తోనే.

ఫార్మసీ_బాబాయ్:
ఏఫిబ్‌లో కొన్ని దెబ్బలు చేతి దాకా రావు, మిషన్ తక్కువ చూపించొచ్చు. గుండె మీద స్టెతస్కోప్ పెట్టి నిండు నిమిషం లెక్కపెట్టాలి.

లెక్కలమాస్టారు:
బాబాయ్ చెప్పింది సరే. కానీ ఒక్క అమ్మగారి సంగతి పట్టుకుని అందర్నీ భయపెట్టడం ఏం పద్ధతి?

కృష్ణ_ఒడ్డు:
ఒక్కటేనా! నాకున్నది ఒక్క అమ్మే కదండీ.

ఫార్మసీ_బాబాయ్:
అమ్మా, అమ్మగారికి వాల్వు సమస్య ఏమైనా ఉండేదా?

కృష్ణ_ఒడ్డు:
చిన్నప్పుడు కీళ్లవాతం జ్వరం వచ్చిందట. మైట్రల్ వాల్వు సన్నబడిందన్నారు.

లెక్కలమాస్టారు:
అదీ సంగతి! అది ముందే చెప్పాలి కదా.

ఫార్మసీ_బాబాయ్:
గెలిచినట్టు రాయకండి సార్. సన్నబడిన వాల్వులోంచి రక్తం దిగడానికి టైం కావాలి, పల్స్ పెరిగితే ఆ టైమే ఉండదు. వాళ్లకి ఆ 110 లెక్క పనికిరాదు, ఆవిడ కోపం న్యాయమే. మన దగ్గర ఇలాంటి వాల్వులు ఇంకా కనిపిస్తూనే ఉంటాయి, నెదర్లాండ్స్ అంకె తెచ్చి అందరికీ పెట్టేస్తే ఎలా?

లెక్కలమాస్టారు:
నాదీ రాస్తాను అయితే. మా నాన్నకి 80 లోపు తేవాలని మెటోప్రొలాల్ పెంచి, పైన డిజాక్సిన్ కలిపారు. పల్స్ 38కి పడిపోయింది. తెల్లారుజామున బాత్రూంలో పడ్డారు, తుంటి విరిగింది, మళ్లీ మంచం దిగలేదు. అందుకే 80 అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

కృష్ణ_ఒడ్డు:
ఇది మొదటే రాసుంటే నేను అంత గట్టిగా అనేదాన్ని కాదు. 93 మాట మాత్రం వెనక్కి తీసుకోను.

మామిడితాండ్ర:
నేనూ ఒకటి దాచాను. మొదటి ఏడాదే అబ్లేషన్ (లయ తప్పించే చోట్లని గుండె లోపల మాడ్చే చికిత్స) గురించి చెప్పారు. ఇల్లు కడుతున్నాం, తర్వాత చూద్దామన్నాను. నాన్న అడగలేదు, నేనే అన్నాను. ఈ 48 చూసినప్పటి నుంచి అదే తిరుగుతోంది బుర్రలో. పల్స్ వల్లే అని ఎవరైనా అంటే బావుండని ఇక్కడ రాశాను.

ఫార్మసీ_బాబాయ్:
ఏఫిబ్ బయటపడిన ఏడాదిలోపే లయ సరిచేయడం మొదలుపెడితే మేలని 2020లో ఒక పెద్ద ట్రయల్‌లో తేలింది, నిజమే. అప్పుడు చేయించినా మీ నాన్నగారికి నిలిచేదని మాత్రం ఎవరూ రాసివ్వలేరు. 48 దగ్గర తలుపు మూసేసినట్టు కాదు, అవకాశం తగ్గుతుంది అంతే. లయ కోసం ఇంకా ప్రయత్నించొచ్చా అని ఈసారి మీరే అడగండి, 24 గంటల హోల్టర్ (ఒంటికి తగిలించుకుని తిరిగే ఈసీజీ మిషన్) కూడా అడగండి. మెట్ల మీద పల్స్ ఎంత పోతోందో అందులో తెలుస్తుంది.

కృష్ణ_ఒడ్డు:
రాత్రి పడుకున్నాక ఊపిరి ఆడుతోందో లేదో కూడా అడగండి తమ్ముడూ. మా అమ్మ నెల రోజులు చెప్పలేదు.

లెక్కలమాస్టారు:
మాత్ర పెంచితే లేచేటప్పుడు ఒక్క నిమిషం మంచం మీద కూర్చోమనండి. ఆ బీపీ మిషన్ అంకె మాత్రం నమ్మకండి.